కాలము దిద్దిన చేతులు

కరీంనగరు పట్టణమున టవర్ సర్కిల్ చుట్టును గల వీథులలోను, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాదు పట్టణముల బస్టాండుల చెంతను, 1980 దశకపు ఉత్తరార్ధము మొదలుకొని ఆ శతాబ్దము ముగియు పర్యంతము, పగటివేళ గూడ కిటికీలు బిగించుకొని విద్యుద్దీపముల వెలుగున పనిచేయు చిన్న గదులు కొన్ని యుండెడివి. ఫోటో స్టూడియో వెనుక భాగముననో, బట్టల దుకాణపు మేడమీదనో యుండు ఆ గదులను జనులు మిక్సింగ్ ల్యాబులనిరి. పెండ్లినాడు తీసిన మూడు నాలుగు కేసెట్లు అచ్చటికి చేరి, పాటలను, పేర్లను, విచ్చుకొను తామరపూవులను, మబ్బులలో తేలియాడు వధూవరులను సంతరించుకొని ఒక్క కేసెట్టుగా వెలికి వచ్చెడివి. ఆ కేసెట్టును ఇంటిల్లిపాది చూచినవారికి అందలి పాట నేటికిని జ్ఞాపకమున్నది. టైటిళ్ల రంగు జ్ఞాపకమున్నది. ఒక బొమ్మ మెల్లగా కరగి వేఱొక బొమ్మ యగునపుడు తెర యేల అదరలేదో, పెండ్లికూతురి నుదుటి కుంకుమ వన్నె యేల తగ్గలేదో విచారించినవారు మాత్రము లేరు. వారు విచారింపవలసిన అవసరమే లేకుండ చేయుట మా వృత్తి. ఆ వృత్తి నేడు లేదు. అది యెట్టిదో తెలిసినవారు ఇంకను కొందఱు మిగిలియుండగనే వ్రాసి యుంచుట మంచిదని తోచి ఈ మాటలు వ్రాయుచున్నాను.

ఆనాటి టెలివిజన్ బొమ్మ గీతల సముదాయము. మన దేశము స్వీకరించిన పాల్ పద్ధతిలో ఒక్కొక్క బొమ్మకు 625 గీతలు. సెకనుకు 25 బొమ్మలు. కాగా సెకనుకు 15,625 గీతలు. ఒక్కొక్క గీతకు పట్టు కాలము 64 మైక్రోసెకనులు. అందు బొమ్మ కనబడు భాగము 52 మాత్రమే. మిగిలిన స్వల్పకాలమున, గీత యెచ్చట మొదలగునో తెలుపు సింక్ సంకేతమును, రంగునకు ప్రమాణముగా నిలుచు బర్స్ట్ అను చిఱు తరంగమును వెలువడును. సిరిసిల్ల మగ్గముపై నాడె ఇటునటు పరువిడునపుడు పేక పోగు ప్రతి పర్యాయము ఒకే చోట మలగవలెను. ఒక పోగు లోపలికిని మఱొక పోగు వెలికిని పోయినచో బట్ట అంచు రంపపు పండ్లుగా దేలును. వీడియో టేపుపై జరుగునదియు అదియే. టేపు సాగును, కుంచించుకొనును. దానిని లాగు మోటారు లిప్తపాటు తడబడును. టేపుపై బొమ్మను చదువు హెడ్డులను మోయుచు నిమిషమునకు 1,500 పర్యాయములు తిరుగు డ్రమ్ము ఒకింత అదరును. గీత ఒక్క మైక్రోసెకను ఆలస్యముగా వచ్చినను 21 అంగుళముల టీవీ తెరపై అది దాదాపు 8 మిల్లీమీటర్లు ప్రక్కకు జరుగును. దర్వాజ కమ్మీలు నిట్టనిలువుగా నిలువక అలలుగా కదలుటకు కారణమిదియే. ఒక్క టేపును చూచునపుడు ఇంటి టీవీ ఈ దోషమును చాలవరకు సైరించుకొనును. రెండు టేపులను ఒక్క తెరమీద కలుపవలెనన్న మాత్రము ఆ సైరణ పనికిరాదు. రెండింటి గీతలును ఒకే క్షణమున మొదలు కావలెను.

ఈ తడబాటును సవరించు యంత్రమునకు టైమ్ బేస్ కరెక్టర్ అని పేరు. మేము టీబీసీ అనెడివారము. టేపు నుండి వచ్చు గీతలను వాని తడబాటు ననుసరించియే అంకెలుగా మార్చి నిలువచేసి, చలింపని గడియారపు నడకతో వెలికి పంపుట దాని ధర్మము. అంకెల పద్ధతిన పనిచేయు టీబీసీలు అమెరికాలో 1973లో విపణికెక్కినవి; మన దేశమునకు రంగుల టెలివిజన్ 1982లో వచ్చినది; మా ల్యాబుకు టీబీసీ చేరుసరికి మఱికొన్ని యేండ్లు గడచినవి. అదియు హైదరాబాదున ఎవరో వాడి విడిచినదే. ఆ ఉక్కుపెట్టెను బస్సు పైనుండి దింపి గదికి చేర్చిననాడు మాకు కలిగిన గౌరవభావము ఇప్పటివారికి చెప్పినను తెలియదు.

నాకు పని నేర్పిన పెద్దమనిషి హైదరాబాదున యూమాటిక్ యంత్రములపై చిరకాలము పనిచేసి స్వస్థలమునకు తిరిగివచ్చినవారు. ముప్పావు అంగుళపు టేపుతో సోనీ సంస్థ 1971లో విక్రయమునకు తెచ్చిన ఆ యంత్రముల ముఖముమీద ట్రాకింగ్ అనియు స్క్యూ అనియు రెండు బిరడలుండెడివి. హెడ్డు తన దారిపై నడచునట్లు చేయునది మొదటిది. టేపు బిగువును సవరించి బొమ్మ పైభాగము ఒక వైపునకు వంగకుండ నిలుపునది రెండవది. పెండ్లిపందిరి పై అంచు వంగి కనబడినంతనే ఆయన చేయి స్క్యూ మీదికి పోయెడిది. యంత్రము అరగంటసేపు వేడెక్కనిదే స్క్రూడ్రైవరు ముట్టనిచ్చెడివారు కారు. “తమ్మీ, ముందుగాల గీత నిలువెట్టు, తర్వాత రంగు జూడు” అనునది ఆయన మాకు పెట్టిన క్రమము. ఆ క్రమము తప్పినవాడు రాత్రియెల్ల తిప్పినను రంగు కుదురదని అనుభవము మీద గ్రహించితిమి.

ఆ దిద్దుబాటు ఎట్లు జరిగెడిదో కొంచెము వివరముగా చెప్పవలెను. బొమ్మ యేమియు లేక సింకును బర్స్టును మాత్రమే గల బ్లాక్ బర్స్ట్ అను సంకేతమును ఒక్క జనరేటరు నుండి యంత్రములన్నింటికిని పంపెడివారము. గదిలోని కాలమానమునకు అదియే కర్త. పిదప డెక్కులనబడు రెండు టేపు యంత్రములలోను కలర్ బార్లను రంగుల పట్టీలు గల కేసెట్లు పెట్టి, వేవ్‌ఫార్మ్ మానిటరుమీద మొదటిదాని సింకు అంచును ఒక నిలువు గీతకు సరిపుచ్చి, మీట నొక్కి రెండవదానిని చూచి, అది యెంత యెడముగా నున్నదో ఆ మేరకు హెచ్ ఫేజ్ ప్రీసెట్టు అను చిన్న మరను వెంట్రుకవాసి త్రిప్పుట మొదటి పని. తరువాత రంగు ఫేజును చూపు వెక్టర్‌స్కోపు. పాల్ బర్స్టు ఆ గుండ్రని తెరమీద 135, 225 డిగ్రీల చెంత రెండు చిన్న గీతలుగా కనబడును. ఇరు డెక్కుల గీతలును ఒకదానిమీద నొకటి పడువరకు ఎస్సీ ఫేజ్ త్రిప్పవలెను. రంగును మోయు తరంగము సెకనుకు 44 లక్షల 33 వేల పైచిలుకు పర్యాయములు కదలును. ఒక్కొక్క కదలికకు 225 నానోసెకనులు చాలును. కేబులులో సంకేతము ఒక మీటరు నడచుటకు దాదాపు 5 నానోసెకనులు పట్టును. అనగా తీగ ఒక మీటరు పెరిగినచో రంగు ఎనిమిది డిగ్రీలు తప్పిపోవును. అందుచేతనే ర్యాకు వెనుక చుట్టలుగా పడియున్న అదనపు తీగను కత్తిరింపరాదని మా గదిలో కట్టుబాటుండెను. ఆ చుట్ట చూచువారికి అనవసరపు చిక్కుగా తోచెడిది గాని, మా ఎనిమిది డిగ్రీలును అందులోనే యుండెను.

స్కోపులు కొనలేని చిన్న ల్యాబులవారు కేవలము కంటిని నమ్ముకొని పనిచేసిరి. వారి నేర్పు నాకు నేటికిని అద్భుతమే. మిక్సరున ఒక బొమ్మను తుడిచి మఱొకటి తెచ్చు వైప్‌ను సగమునకు నిలిపి, తెరను రెండుగా చీల్చి, పైన ఒక డెక్కు బార్లను, క్రింద మఱొక డెక్కు బార్లను చూచుచు, రెండును ఒకే గోడగా కలియువరకు ప్రీసెట్టు త్రిప్పెడివారు. ఫేజు తప్పిన పాల్ బొమ్మలో రంగు మాఱుటకంటె వెలవెలబోవుట అధికము. పసుపు పాలిపోవును, కుంకుమ ఇటుకపొడి రంగునకు దిగును. కావున స్కోపు చెప్పినదంతయు విన్న పిదప గూడ మా గురువుగారు జీలకర్ర బెల్లము పెట్టు ఘట్టమును వేసి, పెండ్లికూతురి పాదముల పసుపును చూచి, అప్పుడుగాని తల యూపెడివారు కారు. ఆ విషయమున ఆయనకంటె కఠినపరీక్షకులు కేసెట్టు తీసుకొనవచ్చిన ముత్తైదువలు.

మా ప్రాంతపు ప్రకృతి గూడ ఈ పనికి అనుకూలించినది కాదు. ఆదిలాబాదు చలి తెలంగాణమంతట ప్రసిద్ధము; మాఘమాసపు ముహూర్తములకు తెల్లవారుజామున అచ్చట తీసిన కేసెట్టు బస్సెక్కి మా వెచ్చని గదికి వచ్చినచో, దానిని వెంటనే డెక్కులో వేయుట తగదు; డ్రమ్ముపై తేమ పట్టును, డ్యూ అను దీపము వెలిగి యంత్రము నిలిచిపోవును. అందుచే ఆదిలాబాదు కేసెట్లు బల్లమీద చాలసేపు విశ్రాంతి తీసికొనెడివి. గోదావరిఖనినుండి వచ్చువాని పెట్టెలను తెరచినంతనే నల్లని బొగ్గుధూళి చేతికంటెడిది. ఆ ధూళి హెడ్డున జొరకుండ తుడిచి, స్పిరిటుతో హెడ్డును శుభ్రముచేసి మొదలుపెట్టవలెను. రామగుండపు వైశాఖమాసమున ప్రీసెట్టులు ఉదయము దిద్దినచోట మధ్యాహ్నమున నిలిచెడివి కావు.

అన్నిటికంటె పెద్ద చిక్కు కరెంటు. రామగుండమున ఎన్టీపీసీ వారి మొదటి యూనిట్టు 1983లోనే వెలుగు పంచ నారంభించినను, గ్రిడ్డుపై భారము మితిమీరి, 1990 దశకమున దక్షిణాది కరెంటు ఆవృత్తి 50 హెర్ట్‌జుల చెంత నిలువక 48 హెర్ట్‌జుల ప్రాంతమునకు గూడ జారెడిది. కెమెరా మాత్రము సెకనుకు 50 ఫీల్డులే, అనగా అరబొమ్మలే, తీయును. ట్యూబులైటు కరెంటు ననుసరించి మినుకును. కెమెరా తన లెక్కననుసరించి చూచును. రెండింటి లెక్కలకు పొత్తు కుదరక, కంటికి నిలకడగా తోచిన పెండ్లిపందిరి కేసెట్టులో మందముగా మిణుకుమిణుకుమనెడిది. జనరేటరు వెలుగున తీసినదైనచో చెప్పనక్కరలేదు. ఈ మినుకుటను టీబీసీ మాన్పలేదు. ఒక వెలుగునకును మఱొక వెలుగునకును నడుమ నెమ్మదిగా కరగించి దాచుటయే మేము చేయగలిగినది. ఆ వ్యాధికి ఆ మాత్రపు మందు తప్ప మాయొద్ద వేఱొకటి లేకుండెను.

ఇక గల్ఫు ఉత్తరములు. నా వృత్తిజీవితమున నన్ను మిక్కిలి కదలించినది ఈ భాగమే కావున దీనిని గూర్చి కొంత నిలిచి చెప్పెదను. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములలో ఇంటికొక్కడు దుబాయికో మస్కటుకో సౌదికో పోయినవాడే. మా జిల్లాలకు వీసీఆర్లు తెచ్చినవారును చాలవరకు వారే. చెల్లెలి పెండ్లికి సెలవు దొరకని అన్న అచ్చట తన గదిలో, తోడి కార్మికుని కెమెరాతో, గోడకు చేరగిలబడి నిలుచుండి నాలుగు మాటలు చెప్పి ఆ కేసెట్టును వచ్చువారి చేత పంపెడివాడు. “సారూ, నా కొడుకు రాలేకపోయిండు, గని మాటలు పంపిండు. పెండ్లిల వాడు గూడ కనవడాలె” అని ఒక తల్లి ఆ కేసెట్టును కొంగున చుట్టి తెచ్చి మా బల్లమీద పెట్టినపుడు, మా శాస్త్రమంతయు అందుకే పుట్టినదేమో యనిపించెడిది. అన్న మాటలాడిన గది యెక్కడ, చెల్లెలు కూర్చున్న పీటలెక్కడ! తలంబ్రాల ఘట్టమున ఆ బొమ్మ మెల్లగా పలుచబడి, అన్న ముఖము అక్షతల నడుమ స్పష్టపడి, దీవించి, మఱల కరగిపోవలెను. అందుకు ఆ రెండు టేపుల గీతలును, మైక్రోసెకనులో స్వల్పభాగముకంటె ఎక్కువ భేదము లేకుండ, ఒక్కచోట మొదలు కావలెను. అరిగిపోయిన హెడ్డుతో తీసిన అతని కేసెట్టు వణకుచు వచ్చును. ఆ వణకును టీబీసీ నిలుపును. నిలిపిన బొమ్మను మేము పెండ్లి బొమ్మ ఫేజునకు దిద్దుదుము. ఎడిట్ బిందువునకు ముందు డెక్కులు ఐదు సెకనులు వెనుకకు పోయి, పరువెత్తి, సమవేగమునకు వచ్చి, పరస్పరము కుదురుకొనును. అప్పుడు గదిలో నెవ్వరును మాటలాడరు. కలయిక చక్కగా పడినచో ఆ తల్లి కన్నీరు తుడుచుకొని మఱొక పర్యాయము వేయుమనెడిది. వేయక యెట్లుందుము?

సౌదినుండి వచ్చిన కేసెట్టు కొన్ని పర్యాయములు నలుపు తెలుపులలో కనబడెడిది. ఆ దేశమున నాడు సెకాం పద్ధతి. అమెరికా కేసెట్టైతే 525 గీతలు, సెకనుకు అరువదికి దగ్గరగా ఫీల్డులు. మన యంత్రములకు అది బొత్తిగా లొంగదు, హైదరాబాదునకు పంపి పద్ధతి మార్పించుకొనవలసినదే. దుబాయి, మస్కటు మనవలెనే పాల్ దేశములగుట మా జిల్లాల అదృష్టము.

కాపీల మాటయు చెప్పవలెను. మాస్టరు నుండి తీసిన కాపీ మేలు, కాపీనుండి తీసిన కాపీ తీసికట్టు, ఆపైది చెప్పరానిది. వీహెచ్‌ఎస్ టేపుపై రంగును వెలుగునకంటె తక్కువ ఆవృత్తికి దించి వేఱుగా వ్రాయుదురు. ప్రతి కాపీకిని ఆ రంగు ఒకింత ఆలస్యమై ప్రక్కకును క్రిందికిని జరుగును. మూడవ కాపీ నాటికి కుంకుమబొట్టు యెఱుపు నుదుటి బొట్టును విడిచి కనుబొమ్మ మీదికి జారెడిది. బంధువులు అడిగినన్ని కాపీలు మాస్టరు నుండియే తీయవలెనని పట్టుబట్టు ల్యాబులకును, చేతికందినదానినుండి తీసి యిచ్చు ల్యాబులకును భేదము జనులకు ఈ బొట్టువలననే తెలిసినది.

పెండ్లిండ్లతో మాత్రమే మా పని ముగియలేదు. దీపావళి దినములలో ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు గోండు గూడెములలో జరుగు దండారి, గుస్సాడీ నృత్యములను, పుష్యమాసపు అమావాస్యకు కేస్లాపూరున మెస్రం వంశీయులు జరుపు నాగోబా జాతరను అచ్చటి ఉపాధ్యాయులు, ఉత్సాహవంతులు తీసి తెచ్చెడివారు. గుస్సాడీ ధరించు నెమలి పింఛముల టోపీ మా యంత్రములకు కడపటి పరీక్ష. అందలి సన్నని ఈనెలు వేలకొలది. గీత యిసుమంత జరిగినను వానిలో లేని రంగులు మెఱసి మాయమగును. ఆ పింఛము నిలిచినచో అన్నియు నిలిచినట్లే. 1995లో ఈటీవీ, జెమినీ చానెళ్లు వచ్చిన పిదప వార్తల కేసెట్లు గూడ మా చేతులమీదుగా నడచినవి; కరీంనగరునుండి హైదరాబాదునకు 160 కిలోమీటర్లు, ఆదిలాబాదునుండి దాదాపు 300; బస్సు డ్రైవరు చేతికి కేసెట్టునిచ్చి ఫోను చేసి చెప్పుట అప్పటి వార్తాప్రసారము.

పిదప పానాసోనిక్ వారి ఎంఎక్స్ 50 మిక్సరు వచ్చినది. ఏ సింకునకును కుదరని రెండు టేపులను తనలోనే నిలిపి కలుపు శక్తి దానికి గలదు. బ్లాక్ బర్స్టు జనరేటరు మూలకు పోయినది. 1995లో ప్రపంచమునకు పరిచయమైన డీవీ టేపు కొన్ని యేండ్లకు మా కెమెరాలలో చేరినది. తరువాత కంప్యూటరు, దానిలో ఎడియస్ సాఫ్ట్‌వేరు. గీతలు అంకెలైనవి; అంకెలకు తడబాటు లేదు. స్కోపు చూడనివాడును, ప్రీసెట్టు పేరు విననివాడును నిర్దుష్టముగా రెండు బొమ్మలు కలుపగలిగెను. ఇది అభివృద్ధి యని నేను నిండుమనస్సుతో అంగీకరించుచున్నాను. పనివాని రాత్రులు మిగిలినవి; పేదయింటి పెండ్లికిని ఆ సౌష్ఠవము దక్కినది. అయినను, రెండు బొమ్మలు కలియుట ఒక మనుష్యుని శ్రద్ధచేత జరిగిన కాలమున, ఆ శ్రద్ధ పెట్టినవాడు ఆ కుటుంబమును గూర్చి ఆలోచించుచు పెట్టెను. అన్న ముఖము ఎచ్చట రావలెనో, ఎంతసేపు నిలువవలెనో ఆ రాత్రి అతనికొక్కనికే తెలియును. ఆ పొందిక పోయినదని నా దృఢమైన అభిప్రాయము.

ఇప్పుడు నాకు వ్యథ కలిగించుచున్నది యంత్రముల గతి కాదు, టేపుల గతి. మధ్య మానేరు జలాశయము క్రింద గ్రామములు మునిగినవి. శ్రీపాద ఎల్లంపల్లి క్రిందను మునిగినవి. ఆ యిండ్ల గడపలు, వాకిటి ముగ్గులు, కచ్చీరు అరుగులు, వేపచెట్లు, బతుకమ్మ ఆడిన ఖాళీ స్థలములు నేడు ఆ యూరివారి పెండ్లి కేసెట్లలో తప్ప మఱెచ్చటను కదలాడుచు కనబడవు. గుస్సాడీ గురువుగా పేర్గాంచి 2021లో పద్మశ్రీ పొందిన కనకరాజుగారి తరమువారి ఆటలు గూడ అట్టి టేపులపై నెక్కడెక్కడనో యున్నవి. ఆ టేపులు ట్రంకు పెట్టెలలో, అటకలమీద, వర్షకాలపు చెమ్మకు బూజు పట్టుచున్నవి. అయస్కాంతపు పూతను అంటియుంచు బంక తేమను పీల్చి జిగటగా మారుచున్నది. వీసీఆర్లు చేయు చివరి సంస్థయైన జపానుదేశపు ఫునాయి 2016లోనే వాని తయారీ మానినది. టేపులపై నున్నదానిని 2025 నాటికే అంకెలలోనికి ఎక్కించుకొనుడని యునెస్కో, అంతర్జాతీయ శబ్ద దృశ్య భాండాగారముల సంఘము కలిసి 2019లో ప్రపంచమును హెచ్చరించినవి. ఆ గడువు దాటినది.

కావున చదువరులకు నా విన్నపము. మీ యింట పెండ్లి కేసెట్టు గాని, జాతర కేసెట్టు గాని యున్నచో ఈ సంవత్సరమే వెలికి తీయుడు. తెల్లని బూజు కనబడినచో వీసీఆర్‌లో వేయవలదు. అది హెడ్డును చెఱచి, టేపును తెంచును. పదిరూపాయలు తక్కువకు వచ్చినదని ఏ యంత్రముననో నేరుగా ఎక్కింపవలదు. టీబీసీ గలదా యని అడిగి, గలచోటికే యిండు. లేనిచో టేపు వణకు అంకెలలో గూడ శాశ్వతముగా నిలిచిపోవును. కాపీ యున్నవారు మాస్టరు ఎవరియొద్ద నున్నదో విచారింపుడు. పని యైన పిదపను అసలు కేసెట్టును పారవేయక, చల్లని పొడిచోట నిలువుగా ఉంచుడు. పాత ల్యాబుల యజమానులారా, మీ మూలగదిలోని టీబీసీని, డెక్కును తూకమునకు అమ్మవలదు. కరీంనగరున శాతవాహన విశ్వవిద్యాలయమున్నది; అచ్చట ఒక్క గది, రెండు మంచి డెక్కులు, ఒక టీబీసీ, పని తెలిసిన ఒక వృద్ధుడు, నేర్చుకొనదలచిన ఇద్దఱు యువకులు చాలుదురు. పని తెలిసినవారము ఇంకను కొందఱము జీవించియున్నాము, పిలిచినచో వచ్చెదము.